మూడో లిఫ్ట్ మెయిల్

మార్చి 2

కంప్యూటర్ షాపు అతను ఇవాళ నన్ను పెద్దాయనా అని పిలిచాడు. అలా పిలిచాడంటే పని చేసిపెట్టడని అర్థం. చేసేవాడు సార్ అంటాడు. నలభై నాలుగేళ్ళు లిఫ్టులు బాగుచేసినవాణ్ణి, ఆ మాత్రం తెలీదా. నేనూ చేసిందదేగా.

సంగతి ఇది. కంపెనీలో నేను పంపినవీ, నాకొచ్చినవీ మెయిల్స్ అన్నీ ఇంట్లో ఈ పాత కంప్యూటర్‌లో దిగి ఉన్నాయి. వాటిని చూపించే ప్రోగ్రాం చచ్చిపోయింది. కొత్తది ఏది పెట్టినా ఆ ఫైలు తెరవబోయి, నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతోంది. నాలుగు జీబీ అట. ఎందుకు పెద్దాయనా ఆ పాత చెత్త, ఫోన్‌లో యాప్ వేసిస్తా, హాయిగా మనవల ఫొటోలు చూసుకోండి అన్నాడు.

నాకు మనవలు లేరు. చెత్త ఉంది. అందులో ఒక మెయిల్ మార్చి 27 లోపల నాకు కావాలి.

మార్చి 3

ఎందుకు కావాలో రాసి పెట్టుకుంటాను. ఈ మధ్య కథ మొదలుపెడితే కొసదాకా చేరడం లేదని మా ఆవిడ ఫిర్యాదు.

ఫిబ్రవరి 11న ఆ పన్నెండంతస్తుల ఆఫీసు బిల్డింగ్‌లో మూడో లిఫ్ట్ ఆరో అంతస్తు దగ్గర ఆగాల్సిన చోట ఆగలేదు. బెత్తెడు కిందికి జారి ఆగింది. అక్కడ నేల తుడిచే ఆవిడ బకెట్‌తో బయటికి అడుగేసి తట్టుకుని పడింది. తుంటి ఎముక విరిగింది. బ్రేక్ లైనింగ్ అరిగిపోయింది, అందుకే జారింది. బ్రేక్ చూశానని లాగ్ బుక్కులో ఆఖరి సంతకం ఎవరిదయ్యా అంటే, స్పానర్‌ది.

స్పానర్ నా శిష్యురాలు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. పనిలో చేరిన మొదటి రోజే, మేస్త్రీ గారూ, మీరిచ్చిన స్పానర్ సైజు తప్పండీ అంది. అందరి ముందూ. చూస్తే తప్పే. ఆ పూటే ఆ పేరు పెట్టాను. పోయినేడు జనవరిలో, నేను రిటైరయ్యే ముందు, ఆ లైనింగ్ కొలిచింది తనే. రెండు మిల్లీమీటర్లే ఉందండీ, మార్చాలి అని నాతో చెప్పింది. లాగ్ బుక్కులో రాయలేదు. రాయకూడదు. బ్రేక్ మాట బుక్కులో కనిపిస్తే బిల్డింగ్ వాళ్ళు బెదిరిపోతారని మా కంపెనీలో ఒక పద్ధతి. సీనియర్‌కి నోటితో చెప్పాలి, సీనియర్ ఆఫీసుకి మెయిల్ కొట్టాలి. కింది వాళ్ళకి మెయిలే ఇవ్వరు. ఫిబ్రవరిలో తనని వేరే బిల్డింగ్‌కి మార్చారు, నేను ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత వచ్చినవాళ్ళు గ్రీజు పూసి వెళ్ళిపోయారు.

ఇప్పుడు కంపెనీ అంటోంది: అలాంటి మెయిలేదీ మాకు రాలేదు, కాబట్టి ఆ అమ్మాయి చూడకుండానే సంతకం పెట్టింది. 27న విచారణ. అక్కడ తన మాట నిలబడకపోతే లైసెన్సు పోతుంది. లిఫ్ట్ పని తప్ప ఇంకోటి చేయని మనిషి.

నేను మెయిల్ పెట్టాను. రాసింది గుర్తుంది. ఏ వాక్యంలో ఏం తిట్టానో కూడా గుర్తుంది. వాళ్ళు మింగేసి కూర్చున్నారు. కక్కిస్తాను.

మార్చి 5

దొరికింది. ఎవరో ఒక పుణ్యాత్ముడు ఇంటర్నెట్‌లో రాశాడు, అంత పెద్ద ఫైలు తెరవాలంటే నల్ల తెర మీద పనిచేసే మెయిల్ ప్రోగ్రామే గతి అని. మౌస్ లేదు, బొమ్మలు లేవు, గంటలు లేవు. అంతా అక్షరాలే, మీటలే. దాని పేరు మట్. మట్ అంటే జాతి తెలియని కుక్క అట. అప్పుడే నచ్చింది. జాతి గురించి అడగని చోట నేను బాగా పనిచేస్తాను.

మా ఆవిడ మిషన్ కుట్టుకుంటూ తొంగి చూసి, టీవీ పోయిందా అంది. కాదు, కుక్కని తెచ్చాను అన్నాను. ఈ వయసులో మీకు కుక్కేంటండీ, కరిస్తే ఎవరు తిప్పుతారు సూదులకి అంది.

ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఇంగ్లీషు అక్షరాలు లిఫ్ట్ కంట్రోల్ ప్యానెల్ మీద నేర్చుకున్నాను. డౌన్ అన్న మాట నేను మొదట చదివింది అడుగున కాదు, పదకొండో అంతస్తు పైన, మోటార్ గదిలో, ఒళ్ళంతా గ్రీజుతో. మా మేస్త్రీ ఆ మీట నొక్కకురా అని అరుస్తుంటే, ఏ మీటో తెలియాలంటే చదవక తప్పలేదు. చదువు అలా భయంతో వస్తే గట్టిగా నిలుస్తుంది. బడిలో వచ్చింది నిలవలేదు. ఎక్కడికో పోతున్నాను. మొత్తానికి నల్ల తెర చూస్తే నాకు భయం లేదు, ప్యానెల్ మూత తీసినట్టే ఉంది.

మార్చి 6, ఉదయం 9.40

సెట్టింగులు రాసుకునే ఎడిటర్‌లోకి వెళ్ళాను. బయటికి రావడం తెలియలేదు. రెండు గంటలు. ప్లగ్గు పీకాను.

మార్చి 8

తెరిచింది! షాపులో వాళ్ళ మెరిసే ప్రోగ్రాములన్నీ చేతులెత్తేసిన ఫైలుని మా ఊరకుక్క టీ చల్లారే లోపల నోట కరుచుకుని తెచ్చి కాళ్ళ దగ్గర పడేసింది. పదకొండు వేల నాలుగొందల పన్నెండు మెయిల్స్. ఇవి నాకొచ్చినవి. నేను పంపినవి వేరే ఫైలు, దాని పని తర్వాత. ముందు చేయి తిరగాలి.

దీనికి ఒక సెట్టింగుల ఫైలుంది. అందులో మనం ఏం రాస్తే అలా నడుచుకుంటుంది. మేనేజరు దగ్గర్నుంచి వచ్చినవి బూడిద రంగులో పెట్టాను. ఆయన పేరు మేము చూద్దాంగారు అని పెట్టుకున్నాం. ఏది అడిగినా చూద్దాం అంటాడు, చూడడు. బ్రేక్ అనే మాట సబ్జెక్టులో ఉన్నవన్నీ ఎర్ర రంగు. మెయిల్ తెరిస్తే పైన పది వరసల్లో జాబితా కూడా కనిపించేలా చేశాను. లిఫ్ట్‌లో నిలబడ్డవాడికి తను ఏ అంతస్తులో ఉన్నాడో కనిపించాలి కదా. కిందికి పోవడానికి జె, పైకి కె అట. జె ఏ దేశంలో కింద? మార్చేశాను. డౌన్‌కి డి పెట్టుకున్నాను, అప్‌కి యు. నలభై ఏళ్ళుగా వేళ్ళకి అలవాటైన అక్షరాలు. నా కుక్క నా మాట వినాలి.

ఫోన్‌లో యాప్ చెప్పే మాట వినడమే అందరికీ వచ్చు. దానికి మాట చెప్పడం ఎవరికొచ్చు? షాపు అతనికి చెప్పి రావాలి. ఊరికే, అటువైపు పనుంది కాబట్టి.

మార్చి 10, ఉదయం 11.20

డి అంటే డిలీట్ అట. మెయిల్ చదివే తెరలో దాని పని మార్చాను, జాబితా తెరలో మార్చలేదు. కిందికి దిగుతున్నాననుకుని అరగంట నొక్కాను. వరసంతా డి, డి, డి.

మార్చి 10, మధ్యాహ్నం 12.30

పోలేదు. ఒక్కటీ పోలేదు. ఈ ప్రోగ్రాం పెద్దమనిషి. డి అన్నది ఊరికే చీటీ తగిలించడమే. డాలర్ గుర్తు నొక్కితేనే నిజంగా పారేస్తుంది. నొక్కకుండా ఎక్స్ కొట్టి బయటికొస్తే ఏమీ జరగనట్టే. వచ్చాను. చొక్కా పిండితే నీళ్ళు కారేవి.

సిగ్గుచేటు. లిఫ్ట్ మీద చెయ్యి వేసే ముందు మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకోమని ప్రతి శనివారం ట్రైనింగ్‌లో కొత్త మెకానిక్కులకి నేనే చెప్తాను. రిటైరయ్యాక కంపెనీ నాకిచ్చిన ఒకే ఒక్క మర్యాద ఆ క్లాసు. పద్నాలుగు మంది, చేతులు కట్టుకుని వింటారు. వాళ్ళకి చెప్పేవాడు తాళం వేయకుండా దిగాడు. వెతికితే తాళం కూడా ఉంది: తెరిచేటప్పుడు మైనస్ పెద్ద ఆర్ అని రాస్తే ఫైలుని చదవనిస్తుంది, ముట్టుకోనివ్వదు. ఇకమీదట అంతే.

మార్చి 13

చూద్దాంగారు ఫోన్ చేశాడు. ఎందుకండీ ఈ వయసులో మీకీ తలనొప్పి, అమ్మాయి ఒప్పేసుకుంటే ఆరు నెలల సస్పెన్షన్‌తో పోతుంది, ఎదురు తిరిగితే లైసెన్సే పోతుంది, మీరు చెప్తే వింటుంది, కాస్త నచ్చజెప్పండి అన్నాడు. నేను పంపిన మెయిల్ సంగతేమిటి అన్నాను. ఒట్టండీ, మూడుసార్లు వెతికించాం, మీ దగ్గర్నుంచి ఆ వారంలో అలాంటిదేదీ రాలేదు అన్నాడు.

ఒట్టట. ఆ నోటితో.

నా దగ్గర కాపీ ఉంది, 27న తెచ్చి బల్ల మీద కొడతాను అన్నాను. ఇంకా వెతకలేదు. అయినా అన్నాను. తీసుకురండి, చూద్దాం అన్నాడు.

మార్చి 14

శనివారం. క్లాసులో బ్రేక్ గురించి చెప్పాల్సింది మెయిల్ గురించి చెప్పాను. కాగితం ఉన్నవాడిదే రాజ్యం, మీరు పంపిన ప్రతి ముక్కా దాచుకోండి, నన్ను చూసి నేర్చుకోండి అన్నాను. ఇద్దరు రాసుకున్నారు కూడా.

మార్చి 17

పంపిన మెయిల్స్ ఫైలు తెరిచాను. ఎల్ నొక్కి తేదీ ఇస్తే ఆ తేదీవి మాత్రమే మిగులుతాయి. జనవరి 20 నుంచి 31 దాకా ఇచ్చాను. పందొమ్మిది. గ్లౌజుల కోసం ఒకటి, గ్రీజు డబ్బాల కోసం రెండు, సెలవు, కేబుల్, మళ్ళీ గ్లౌజులు.

మూడో లిఫ్ట్ లేదు.

తేదీ తప్పయి ఉంటుంది. డిసెంబర్ చూడాలి.

మార్చి 19

డిసెంబర్‌లో లేదు. నవంబర్‌లో లేదు. సాయంత్రం స్పానర్ వచ్చింది. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు, చేతులు ఖాళీగా ఉండలేక మా కుళాయి విప్పి వాషర్ మార్చింది. దొరికిందా మేస్త్రీ గారూ అని అడగలేదు. కుళాయి బిగిస్తూ, మీరు పెట్టే ఉంటారు లెండి అంది. మా ఆవిడ అందుకుని, ఆయన ఏ పనైనా మరచిపోతారు గానీ ఒకరిని తిట్టే పని మరచిపోరమ్మా, ధైర్యంగా ఉండు అంది. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సస్పెన్షన్‌కి ఒప్పుకోమని వాళ్ళు తనక్కూడా చెప్పారట. చూశాను, కొలిచాను, చెప్పాను, మూడూ చేసి చేయలేదని ఎందుకు రాసివ్వాలండీ అంది. ఆ మాట నాకు తెగ నచ్చింది. నా శిష్యురాలే.

మార్చి 21

శనివారం. జ్వరమని చెప్పి క్లాసుకి వెళ్ళలేదు. జ్వరం లేదు.

మార్చి 22, ఉదయం 10.15

అదే ఫోల్డర్‌లో ఇంకో ఫైలుంది. ఇరవై రోజులుగా కళ్ళ ముందే ఉంది. డ్రాఫ్ట్స్. పంపని మెయిల్స్ దాచే చోటు. పంపానని అంత నమ్మకంగా ఉన్నవాడు అందులో ఎందుకు వెతుకుతాడు?

ఒకే ఒక్క మెయిల్. ఎర్ర రంగులో. పోయినేడు జనవరి 30, సాయంత్రం 4.50. మూడో లిఫ్ట్, బ్రేక్ లైనింగ్, రెండు మిల్లీమీటర్లు, కొలిచింది ఫలానా. ఇదంతా నాలుగు వాక్యాలు. ఆ తర్వాత పదకొండు వాక్యాలు చూద్దాంగారి మీద.

గుర్తొచ్చింది. మొత్తం గుర్తొచ్చింది. కోపంతో రాసింది ఒక రాత్రి నాననిచ్చి పొద్దున పంపాలని నాకొక నియమం. ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టి, తెలివనుకుని, అందరికీ చెప్పుకుని తిరిగాను. ఆ పదకొండు వాక్యాల కోసం ఆ నాలుగు వాక్యాల్ని నానబెట్టాను. పొద్దున 31. కేకు కోయించారు, గోడ గడియారం ఇచ్చారు, నేను గంటసేపు మాట్లాడాను, అందరూ నవ్వారు. ఐదింటికి నా మెయిల్ మూసేశారు.

చూద్దాంగారు ఒట్టు పెట్టి నిజమే చెప్పాడు.

మార్చి 23

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఈ ప్రోగ్రాంలో పెద్ద సి నొక్కితే ఒక మెయిల్ ఇంకో ఫైల్లోకి కాపీ అవుతుంది. ఇ నొక్కితే మెయిల్ మొత్తం, తేదీతో సహా, మామూలు అక్షరాలుగా విప్పి చేతికిస్తుంది. దిద్దుకోవచ్చు. మెయిన్ తాళం తీసి, పొద్దున ఆ పని చేశాను. డ్రాఫ్ట్‌ని పంపినవాటిలోకి కాపీ చేశాను. గ్లౌజులకీ కేబుల్‌కీ మధ్య వెళ్ళి కూర్చుంది, పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టు. ఏ ఇన్‌స్పెక్టరూ పట్టుకోలేడు. అమ్మాయి బయటపడుతుంది, నేను నెగ్గుతాను, చూద్దాంగారు మునుగుతాడు. మునగదగ్గ మనిషే. దీనికొక్కదానికి మాత్రం కాదు.

మా ఆవిడ వెనక నిలబడి, అదేనా అంది. అదే అన్నాను. హమ్మయ్య అని కుర్చీలో కూలబడింది. ఇన్నాళ్ళూ చెప్పలేదు గానీ, మీరు పంపలేదేమోనని నాకు మహా భయంగా ఉందండీ అంది.

ముప్పై తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్న మనిషి. నాకంటే ముందే తెలుసు.

మిషన్ చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా ఆగి, ఆ వరస మీద డి పెట్టాను. డాలర్ నొక్కాను. నిజంగా పోయింది. డ్రాఫ్ట్ మాత్రం ఉన్న చోటే ఉంది. తర్వాత వెళ్ళి ఆవిడకి చెప్పాను. కత్తెర కింద పెట్టి, అన్నం తినండి ముందు అంది.

మార్చి 24

స్పానర్‌కి చెప్పాను. కొట్టినా బాగుండేది. మీకు చెప్పి వచ్చి హాయిగా నిద్రపోయానండీ ఆ రాత్రి అంది. అంతే అంది. కుర్చీ జరిపి వెళ్ళిపోయింది.

మార్చి 25

నేల తుడిచే ఆవిడని చూడటానికి వెళ్ళాను. మూడో అంతస్తు దాకా ఇరుకు మెట్లు, ఒక గది, మంచం. నేనెవరో చెప్పాను, ఏం చేయలేదో చెప్పాను. ఆ లిఫ్ట్ ఎప్పుడూ కాస్త జారేదేనయ్యా, మాకు తెలుసు, చూసుకుని దిగేవాళ్ళం, ఆ రోజు చేతిలో బకెట్ ఉండి చూసుకోలేదు, తప్పు నాదే అంది.

కాదమ్మా అన్నాను. కాదు అని మళ్ళీ అన్నాను. ఆవిడకి నమ్మకం కలగలేదు. ఇది ఎంత పెద్ద తప్పంటే, అది ఎవరిదో కూడా ఆవిడకి అందలేదు. 27న నోరు మూసుకుని తల వంచుకుని వద్దామనుకున్నవాణ్ణి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

మార్చి 27

బల్లకి అటువైపు ముగ్గురు: కంపెనీ పెద్ద, బిల్డింగ్ తరఫు మనిషి, ఇన్‌స్పెక్టరు. పక్కన చూద్దాంగారు. ఇటువైపు నేను, ఒక కుర్చీ వదిలి స్పానర్. కాగితం పెట్టాను. పదకొండు వాక్యాలతో సహా. చూద్దాంగారు చదివి చెవులదాకా ఎర్రబడ్డాడు. నేను చెప్పాల్సింది చెప్పాను: ఈ అమ్మాయి చూసింది, కొలిచింది, చెప్పింది, అంకెతో సహా తేదీ వేసి ఉంది. పంపనివాణ్ణి నేను.

గది తేలికపడింది. అందరికీ ఒక్కసారి నేనంటే ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్దవారు, వయసు మీద పడింది, మరచిపోయారు, ఇందులో ఎవర్నీ అనడానికేం లేదు, ఇంతటితో ముగిద్దాం అన్నాడు కంపెనీ పెద్ద. టైపు చేసిన వాంగ్మూలం నా ముందుకు తోశాడు.

మరచిపోలేదు అన్నాను. వయసుకేం సంబంధం లేదు, కోపాన్ని దాచుకోవడానికి పనిని ఆపాను, అలా రాయండి. నా తప్పు పూర్తిగా నాది, అందులో ఎవరికీ వాటా ఇవ్వను. కానీ రెండోది మీది, అదీ రాయండి. బ్రేక్ మాట బుక్కులో ఎందుకు రాయకూడదు? కొలిచిన మనిషికి మెయిల్ ఎందుకు లేదు? ఒక ముసలాడి నోరు తప్ప ఇంకో దారి లేకుండా లిఫ్టులు నడిపించింది ఎవరు?

అది ఈ విచారణ పరిధిలోకి రాదు అన్నాడు. అయితే నా సంతకం కూడా రాదు అన్నాను. బయటికెళ్ళి ఆలోచించుకోండి అన్నాడు. కుర్చీ బాగుంది, ఇక్కడే ఆలోచిస్తాను అన్నాను. గంటా పది నిమిషాలు కూర్చున్నాను. టీలు వచ్చాయి, చల్లారాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఎవరో గొంతు సవరించుకుంటే చూశాను, స్పానర్ లేచి, మధ్యలో ఖాళీ కుర్చీలోకి వచ్చి కూర్చుంది. నా వైపు చూడలేదు. బుక్కులో రాయనిస్తేనే నేనూ సంతకం పెడతానండీ అంది వాళ్ళతో.

చివరికి ఇన్‌స్పెక్టరే పెన్ను తీశాడు. ఇది రికార్డులోకి వెళ్ళాలి, నేనే రాస్తాను, నెమ్మదిగా చెప్పండి అన్నాడు. నెమ్మదిగా చెప్పాను. జీవితంలో మొదటిసారి పక్కదారి పట్టకుండా చెప్పాను.

మార్చి 30

స్పానర్ పనిలోకి వెళ్ళింది. క్లాసు చెప్పడానికి కంపెనీ ఇచ్చిన సర్టిఫికెట్ వెనక్కి ఇచ్చేయమని ఉత్తరం వచ్చింది. క్లాసు రద్దు. ఇచ్చేశాను. గోడ మీద అది వేలాడిన మేకుకి మా ఆవిడ కత్తెర తగిలించింది.

ఏప్రిల్ 4

శనివారం. తొమ్మిదిన్నరకి చొక్కా వేసుకున్నాను. ఎక్కడికండీ అంది మా ఆవిడ. ఎక్కడికీ లేదు. చొక్కాతోనే కూర్చుని, పాత మెయిల్స్‌లో బ్రేక్ అని ఉన్నవన్నీ ఏరడం మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళవి. ఎన్నిటికి జవాబు వచ్చింది, ఎన్నిటికి రాలేదు. ఇన్‌స్పెక్టరు అడగలేదు. అయినా పంపుతాను. రాసిన వెంటనే.

ఏప్రిల్ 16

పొద్దున స్పానర్ దగ్గర్నుంచి మెయిల్. తన పేరుతో, తన అడ్రస్సుతో. ఐదో లిఫ్ట్, లైనింగ్ మూడు మిల్లీమీటర్లు, బుక్కులో రాశాను, ఆఫీసుకి 9.14కి వెళ్ళింది, మీకు కాపీ. నమస్కారం లేదు, క్షేమం లేదు.

చదివాను. పెద్ద ఎన్ నొక్కితే చదివింది కూడా చదవనట్టు అవుతుంది. నొక్కాను. రేపు మళ్ళీ కొత్తగా ఉంటుంది.